ఇండియా అండర్-17 టీమ్‌లోకి ఎలా తీసుకుంటారు? అకాడమీ వాళ్ల ఫారిన్ టూర్‌కీ దానికీ సంబంధం ఉందా?

బొల్లారం నాన్న:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు, ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు కొంచెం ఓపిగ్గా చెప్పండి. మావాడు 2011 మార్చిలో పుట్టాడు, తొమ్మిదో తరగతి, ఎడమ కాలి ఆట, లెఫ్ట్ బ్యాక్‌గా ఆడతాడు. ఆట బాగానే ఉందని అందరూ అంటారు, నాకైతే అంత తెలీదు, నేను ఆడింది గల్లీ క్రికెట్టే. మొన్న 2025 నవంబర్ 30న అహ్మదాబాద్‌లో మన అండర్-17 పిల్లలు ఇరాన్‌ని 2-1తో కొట్టి ఆసియా కప్‌కి వెళ్లారు కదా, ఆ మ్యాచ్ చూసినప్పటి నుంచి వాడి కాళ్లు నేల మీద లేవు. ఆ టీమ్‌లోకి ఎలా వెళ్లాలి నాన్నా అని పొద్దున లేస్తే అదే ప్రశ్న.

సరిగ్గా ఇప్పుడే వాడు వెళ్లే అకాడమీ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ పెట్టారు. వెనక జెండా, నీలం జెర్సీ, పైన పెద్ద అక్షరాలతో టీమ్ ఇండియా అండర్-15, యూరప్‌లో ఇంటర్నేషనల్ కప్ అని ఉంది. ఖర్చు రెండు లక్షల అరవై వేలు, మొదటి విడత నెలాఖరులోపు కట్టాలట. ఫోన్ చేసి అడిగితే అక్కడికి స్కౌట్లు, అంటే ప్లేయర్లని వెతికేవాళ్లు, వస్తారు సార్, నేషనల్ క్యాంప్‌కి దారి ఇదే, ఇండియాకి ఆడినట్టు సర్టిఫికెట్ కూడా ఇస్తాం అన్నారు. మా బామ్మర్దేమో ఇలాంటి ఛాన్స్ మళ్లీ రాదు బావా, అప్పు చేసైనా పంపు అంటాడు. మా ఆవిడేమో ఆ డబ్బు ఇంకో ఏడాదిన్నరలో ఇంటర్ కాలేజీ వాళ్లు ఎలాగూ లాక్కుంటారు, అప్పుడేం చేస్తారో చూస్తా అంటోంది. ఇద్దరి మధ్యా నేను.

ఇది నిజంగా ఇండియా టీమేనా? కాకపోతే అసలు టీమ్‌కి ఎవరు సెలెక్ట్ చేస్తారు, ఎక్కడ చూస్తారు, ఏ వయసుకి? ఇంకొకటి, ఆ రోజు టీమ్ లిస్టు చూస్తే మణిపూర్ పేర్లే ఎక్కువ కనిపించాయి. మన హైదరాబాద్ పిల్లలు ఎందుకు కనిపించరు? తెలిసినవాళ్లు చెప్పండి, బాగా టెన్షన్‌గా ఉంది.

స్టాపర్ సికింద్రాబాద్:

అన్నా, ముందు మొదటి విడత కట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఇండియా టీమ్ అంటే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఎంపిక చేసిన టీమ్ ఒక్కటే. దానికి పిలిచిన పిల్లాడి దగ్గర టూర్ ఖర్చు తీసుకోరు. క్యాంపు, టికెట్లు, హోటలు, కిట్టు అన్నీ ఫెడరేషన్ చూసుకుంటుంది. డబ్బు అడిగారంటే అది నేషనల్ టీమ్ కాదు, అంతే, అందులో వాదించడానికి ఏమీ లేదు. నీలం జెర్సీ మీద ఇండియా అని ఎవరైనా వేయించుకోవచ్చు, ఎల్బీ స్టేడియం చుట్టూ ఉన్న స్పోర్ట్స్ షాపుల్లో ఇస్తే సాయంత్రానికి నంబరుతో సహా వేసిస్తారు.

వాళ్లు చెప్పే టోర్నమెంట్ మాత్రం అబద్ధం కాకపోవచ్చు. యూరప్‌లో పిల్లల టోర్నమెంట్లు చాలా ఉన్నాయి. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో 1975 నుంచి జరిగే గోథియా కప్ అన్నింటికంటే పేరున్నది, అక్కడికి ప్రపంచం నలుమూలల నుంచి క్లబ్బులూ స్కూళ్లూ ఫీజు కట్టి వెళ్తాయి. 2023లో మన పంజాబ్ వైపు మినర్వా అకాడమీ అక్కడ అండర్-13 గెలిచింది కూడా, నిజంగా గొప్ప విషయం. కానీ గెలిచింది ఆ అకాడమీ. ఇండియా టీమ్ గెలిచినట్టు కాదు, ఆ పిల్లలు ఇండియాకి ఆడినట్టూ కాదు. డబ్బున్నవాళ్లు పంపుకోవచ్చు, పిల్లలు కొత్త దేశం చూస్తారు, కాస్త గట్టి జట్లతో ఆడతారు. అప్పు చేసి పంపేది మాత్రం కాదు. ఆ సర్టిఫికెట్‌ని నేషనల్ క్యాంపులో ఎవడూ చూడడు.

సెలెక్షన్ అంటే, టీమ్ కోచ్, ఆయన స్కౌట్లు చూసేది ఫెడరేషన్ నడిపే యూత్ లీగులు, రాష్ట్రాల మధ్య జరిగే సబ్ జూనియర్, జూనియర్ నేషనల్స్. సబ్ జూనియర్ అబ్బాయిలది మీర్ ఇక్బాల్ హుస్సేన్ ట్రోఫీ, జూనియర్లది బీసీ రాయ్ ట్రోఫీ. స్కూలు తరఫున అయితే సుబ్రతో కప్. వీటిలో ఆడినవాళ్లలోంచి కొందరిని క్యాంపుకి పిలుస్తారు, అక్కడ వడపోసి చివరికి టీమ్ చేస్తారు. అప్పుడప్పుడు ట్రయల్స్ కూడా పెడతారు, పెడితే ఫెడరేషన్ తన సైట్‌లోనే ప్రకటిస్తుంది. భువనేశ్వర్‌లో ఫిఫాతో కలిసి పెట్టిన అకాడమీ కూడా ఉంది, 2023 నవంబర్‌లో ఒకప్పటి ఆర్సెనల్ కోచ్ ఆర్సెన్ వెంగర్ వచ్చి ప్రారంభించాడు.

మీరు అకాడమీ వాళ్లని రెండే అడగండి. మావాడి పేరు ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో, అదే సీఆర్‌ఎస్ అంటారు, ఎక్కించారా, ఐడీ చూపించండి. మీ అకాడమీ ఈ సీజన్‌లో ఏ లీగులో ఆడుతోంది, ఫిక్చర్లు, అంటే మ్యాచ్‌ల షెడ్యూల్, చూపించండి. ఈ రెండింటికీ నీళ్లు నమిలితే అర్థమైపోతుంది.

నైట్‌షిఫ్ట్ ఫ్యాన్:

స్టాపర్ అన్న చెప్పింది కరెక్ట్. నేను వయసు లెక్క చెప్తాను, ఎందుకంటే ఇందులో ఈ మధ్య పెద్ద మార్పు వచ్చింది, అది మీవాడికి నేరుగా కలిసొచ్చేదే.

ఇదివరకు అండర్-17 ప్రపంచ కప్ రెండేళ్లకోసారి, 24 జట్లతో జరిగేది. 2017లో మన దగ్గర జరిగినప్పుడు 2000 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లకి అర్హత, 2019లో 2002 తర్వాత పుట్టినవాళ్లకి. అంటే 2001లో పుట్టిన కుర్రాడు తనకంటే ఏడాది పెద్దవాళ్లతో పోటీపడి 2017 టీమ్‌లో చోటు కొట్టాలి, లేదంటే అయిపోయింది, 2019కి వయసు దాటేస్తుంది. ఆ వయసులో ఒక్క ఏడాది తేడా అంటే ఎంతో మీకు తెలుసు, ఒకడికి మీసం వస్తుంది, ఇంకొకడికి గొంతు కూడా మారదు. ఇప్పుడు 2025 నుంచి 2029 దాకా ఏటా ఖతర్‌లోనే, 48 జట్లతో. ఆసియా కప్ కూడా ఏటా జరుగుతోంది. కాబట్టి పుట్టిన ప్రతి సంవత్సరానికీ సొంత టోర్నమెంట్ ఉంటుంది. 2026 దానికి 2009, 2027కి 2010, 2028కి 2011 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు. మీవాడు 2028 బ్యాచ్, అందులోనూ మార్చిలో పుట్టాడు కాబట్టి ఆ బ్యాచ్‌లో పెద్దవాళ్లలో ఒకడు. ఈసారి క్వాలిఫయర్లు ముందు ఏడాది నవంబర్‌లో పెట్టారు, అదే పద్ధతి ఉంటే మీవాడి బ్యాచ్‌కి అసలు పరీక్ష 2027 చివర్లో. ఇంకా టైమ్ ఉంది. నెలాఖరుకి అంటూ తొందరపెట్టేవాళ్ల మాట వినకండి.

ఇంకో సంగతి చెప్తే కడుపు మండుతుంది. ఇప్పుడు ఆసియా కప్‌లో 16 జట్లు, క్వార్టర్ ఫైనల్‌కి వచ్చిన ఎనిమిదికీ ప్రపంచ కప్ టికెట్. 2018లో మలేషియాలో ఇదే టోర్నీ, అప్పుడు అండర్-16 అనేవారు. బిబియానో ఫెర్నాండెజ్ కోచ్‌గా వెళ్లిన మన పిల్లలు వియత్నాంని 1-0తో గెలిచి, ఇరాన్‌తో, ఇండోనేషియాతో 0-0 డ్రా చేసుకుని, గ్రూపులో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా క్వార్టర్స్‌కి వచ్చారు. అక్కడ కొరియా చేతిలో 0-1. అప్పట్లో సెమీస్‌కి వెళ్లిన నాలుగు జట్లకే ప్రపంచ కప్, అందుకని ఇంటికొచ్చేశారు. ఇవాళ్టి రూల్ ఉంటే వాళ్లు ప్రపంచ కప్ ఆడినవాళ్లు అయ్యేవారు. ఆ మ్యాచ్ చూసినవాళ్లకి ఇప్పటికీ మంటే.

2017లో ఆడాం కదా అంటారేమో, అది మనం ఆతిథ్యం ఇచ్చాం కాబట్టి వచ్చిన చోటు. అమెరికా చేతిలో 0-3, ఘనా చేతిలో 0-4. మధ్యలో కొలంబియాతో ఢిల్లీలో జీక్సన్ సింగ్ కార్నర్ మీద హెడర్ కొట్టి 1-1 చేశాడు, ఫిఫా ప్రపంచ కప్ టోర్నీల్లో మనకి మొట్టమొదటి గోల్, స్టేడియం అంతా ఊగిపోతుంటే, ఆ సంబరం అయ్యేలోపే కొలంబియా ఇంకోటి కొట్టేసింది. 1-2. ఆ రాత్రి ఆఫీసులో అరిచి తిట్లు తిన్నాను. మైదానంలో ఆడి గెలిచి ప్రపంచ కప్‌కి అర్హత సాధించడం మన అబ్బాయిల జట్లకి, అండర్-17 అయినా అండర్-20 అయినా, ఇంతవరకు జరగలేదు. 2026లో సౌదీలో జరిగే ఆసియా కప్‌లో క్వార్టర్స్ దాకా వెళ్తే జరుగుతుంది.

వయసు పరీక్ష గురించి కూడా తెలుసుకోండి. మన దేశంలో ఎడమ చేతి మణికట్టుకి ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కేస్తారు, టీడబ్ల్యూ3 అంటారు. ఫిఫా అండర్-17 టోర్నీల్లో మణికట్టుకి ఎంఆర్‌ఐ తీస్తారు, అక్కడ ఎముక పెరిగే చోటు పూర్తిగా మూసుకుపోయి ఉంటే వయసు దాటినట్టే, కాగితాలు ఏం చెప్పినా సరే. కాబట్టి ఎవరైనా సర్టిఫికెట్‌లో ఏడాది తగ్గిద్దాం సార్ అని సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఫతేమైదాన్ మావయ్య:

బాబూ, ఇరాన్‌ని కొట్టారని మీవాడు ఎగురుతున్నాడు కదా, వాడికి ఒక కథ చెప్పు. 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యూత్ చాంపియన్‌షిప్ ఫైనల్, ఎదురుగా ఇదే ఇరాన్. మ్యాచ్ 2-2తో ముగిసింది, కప్పు ఇద్దరికీ పంచారు. ఆ ఇండియా టీమ్ కెప్టెన్ ఎవరనుకున్నావ్, మన హైదరాబాద్ కుర్రాడు షబ్బీర్ అలీ. తర్వాత కలకత్తా పోయి పెద్ద క్లబ్బులన్నిటికీ గోల్స్ కొట్టాడు, ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. ఆసియా స్థాయిలో మన కుర్రాళ్ల జట్టు కప్పు ఎత్తింది అప్పుడే, ఆ తర్వాత లేదు. ఈ మాట టీవీలో చెప్పేవాడు లేడు, పేపర్లో రాసేవాడు లేడు.

మన పిల్లలు ఎందుకు లేరు అని అడిగావు. ఒకప్పుడు ప్రశ్న తిరగేసి ఉండేది నాయనా, మిగతా రాష్ట్రాల వాళ్లు అడిగేవాళ్లు, మొత్తం టీమ్ హైదరాబాదేనా అని. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, ఆ టీమ్ నిండా మనవాళ్లే, అజీజ్, నూర్ మహ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, మన అమ్ముగూడ బలరాం. కోచ్ రహీం సాబ్, ఆయనా ఇక్కడి టీచరే. ఆయన చేతిలో 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం. సిటీ పోలీస్ టీమ్ బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు తెచ్చింది. మీరుండే బొల్లారం నుంచి అమ్ముగూడ ఎంత దూరం, పక్కనే కదా. తులసీదాస్ బలరాం అక్కడి పేదింటి పిల్లవాడు. 2023లో పోయాడు, పాపం, ఇక్కడ కాదు, బెంగాల్‌లో.

రహీం సాబ్ పిల్లలకి వింత టోర్నమెంట్లు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి రాగానే పాస్ ఇవ్వాలి. ఇంకొకదాంట్లో నీకు చేతకాని కాలితోనే ఆడాలి. మీ ఎడమ కాలి పిల్లాణ్ని కుడి కాలితో ఆడించి చూడు, అకాడమీ వాళ్లు నేర్పారో లేదో తెలుస్తుంది.

ఎందుకు పోయిందంటే, ఆట పోలేదు, ఉద్యోగం పోయింది. పోలీసు, రైల్వే, బ్యాంకులు, ఫ్యాక్టరీలు, ఆట వస్తే ఉద్యోగం ఇచ్చేవాళ్లు. బార్కస్ పిల్లాడికీ బొల్లారం పిల్లాడికీ ఫుట్‌బాల్ అంటే ఇంటికి జీతం అన్నమాట. తండ్రి ధైర్యంగా పంపేవాడు. ఆ ఉద్యోగాలు తగ్గాయి, గ్రౌండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఫంక్షన్ హాళ్లయ్యాయి, మిగిలినవి గంటకింత అని అద్దెకిచ్చే టర్ఫులయ్యాయి. పది మంది పిల్లలు తలా కొంత వేసుకుని గంట ఆడి గేటు దాటాలి. గంటలో ఏం నేర్చుకుంటారు?

నైట్‌షిఫ్ట్ ఫ్యాన్:

మావయ్యా, గౌరవంగానే చెప్తున్నా, 1956 దగ్గరే ఆగిపోతే ఎలా. ఉద్యోగాలు కలకత్తాలోనూ తగ్గాయి, గోవాలోనూ తగ్గాయి. మణిపూర్‌లో ఉద్యోగాలు ఎప్పుడు ఎక్కువున్నాయి కనక? 2017 టీమ్‌లో కెప్టెన్ అమర్‌జీత్, గోల్ కొట్టిన జీక్సన్ ఇద్దరూ మణిపూర్ వాళ్లు, చుట్టాలు కూడా. మొన్న ఇరాన్ మీద మొదట గోల్ తిని వెనకబడ్డాక పెనాల్టీ కొట్టిన గాంగ్టే, రెండో గోల్ కొట్టిన గున్‌లైబా, ఆ పేర్లు చూసినా ఎటువైపు వాళ్లో తెలుస్తూనే ఉంది. అక్కడ ఊరికో క్లబ్బు ఉంది, చిన్నప్పటి నుంచి ఒకే పిల్లలు ఒకరితో ఒకరు లెక్కలేనన్ని మ్యాచ్‌లు ఆడుకుంటారు. మన దగ్గర పిల్లాడు వారంలో నాలుగు రోజులు కోన్‌ల చుట్టూ పరిగెడతాడు, నెలకో మ్యాచ్ ఆడతాడు, దానికి వీడియో తీసి ఇన్‌స్టాలో పెడతారు. తేడా అక్కడుంది.

మన పెద్ద క్లబ్బు సంగతి కూడా చెప్పుకోవాలిగా. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళని పెనాల్టీ షూటౌట్‌లో కొట్టి ఐఎస్‌ఎల్, అదే ఇండియన్ సూపర్ లీగ్, గెలిచింది, గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, అప్పుడు గచ్చిబౌలి వైపు ఎంత హడావుడి. 2025లో ఆ క్లబ్బు ఏకంగా ఢిల్లీ వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. పైన క్లబ్బే లేకపోతే కింద పిల్లలు ఎవరిని చూసి ఎక్కాలి? మొయినాబాద్ వైపు శ్రీనిధి దక్కన్ ఉంది, అదొక్కటే దిక్కు.

ఫతేమైదాన్ మావయ్య:

నువ్వు చెప్పింది కూడా అదే కదరా, నేను ఉద్యోగం అన్నాను, నువ్వు క్లబ్ అన్నావు. పిల్లాడి ముందు ఏదో ఒకటి కనపడాలి. మణిపూర్‌లో కనపడుతోంది, ఇక్కడ కనపడట్లేదు. 1956 నేను వదలను.

వింగర్ వాళ్ల అమ్మ:

ఇక్కడ అందరూ అబ్బాయిల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను దూరుతున్నాను. తెలంగాణ నుంచి ఎవరూ లేరు అనకండి. నిజామాబాద్ దగ్గర తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా సీనియర్ టీమ్‌లో ఆడుతోంది, 2024-25కి ఫెడరేషన్ ఇచ్చిన ఉత్తమ మహిళా ప్లేయర్ అవార్డు ఆమెదే. మా అమ్మాయి గదిలో ఆమె ఫొటో ఉంది. ఇంకా వినండి, ఈ 2025 ఒక్క ఏడాదిలో మన ఆడపిల్లల సీనియర్, అండర్-20, అండర్-17 మూడు జట్లూ ఆసియా కప్‌కి అర్హత సాధించాయి, మైదానంలో ఆడి గెలిచి. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది ఫార్వర్డ్ చేశారు?

2022లో అండర్-17 ఆడపిల్లల ప్రపంచ కప్ మన దగ్గర జరిగింది, అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. అప్పుడు నవ్వినవాళ్లని చూశాను. ఆ పిల్లలు కరోనాలో ఎంత కాలం గ్రౌండ్ ముఖం చూడకుండా ఉన్నారో, టోర్నీకి రెండు నెలల ముందు ఫిఫా మన ఫెడరేషన్‌నే సస్పెండ్ చేస్తే అసలు ఆడతామో లేదో తెలియకుండా ప్రాక్టీస్ చేశారని ఎవరికీ గుర్తులేదు. పది పదకొండు రోజుల్లోనే సస్పెన్షన్ ఎత్తేశారు, అది వేరే సంగతి, కానీ ఆ రోజుల్లో ఆ పిల్లల ఇళ్లల్లో ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు.

బొల్లారం నాన్న గారూ, మీకు ఒక సలహా. మాకూ ఇలాగే ఒకసారి టూర్ పోస్టర్ వచ్చింది, వేరే అకాడమీ నుంచి. నేను చేసింది ఒక్కటే, టోర్నమెంట్ పేరు కనుక్కుని వాళ్ల సైట్‌లో ఎంట్రీ ఫీజు ఎంతో, ఎవరు ఆడొచ్చో చూశాను. ఏ క్లబ్ అయినా డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకోవచ్చు అని అక్కడే రాసి ఉంది. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి, ఇందులో ఇండియా టీమ్ ఎక్కడుంది సార్ అని అడిగాను. ఆ తర్వాత గ్రూపులో అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చేశారు. అంతే సమాధానం.

బొల్లారం నాన్న:

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. మావాడికి షబ్బీర్ అలీ కథ చదివి వినిపించాను, వెంటనే యూట్యూబ్‌లో ఆ మ్యాచ్ వెతికాడు, దొరకలేదని మొహం మాడ్చుకున్నాడు. కుడి కాలి పరీక్ష కూడా పెట్టాను మావయ్యా. ఫలితం ఇక్కడ రాయలేను.

అకాడమీకి వెళ్లి స్టాపర్ అన్న చెప్పిన రెండు ప్రశ్నలూ అడిగాను. సీఆర్‌ఎస్ ఐడీ అంటే చేయిస్తాం సార్, ప్రాసెస్‌లో ఉంది అన్నారు. లీగు ఫిక్చర్లు అడిగితే ఫ్రెండ్లీలు ఆడిస్తున్నాం కదా సార్ అన్నారు. టీమ్ ఇండియా అని ఎందుకు రాశారంటే, ఇండియా నుంచి వెళ్తున్న టీమ్ అని అర్థం సార్ అన్నారు. డబ్బు కట్టడం లేదని చెప్పేశాను. బామ్మర్ది అలిగాడు, అది నేను చూసుకుంటాను.

ఇప్పుడు నాకున్న సందేహం, ఇంకో అకాడమీకి మార్చాలంటే ఏం చూడాలి? ట్రయల్స్‌కి పాస్‌పోర్ట్ అవసరమా?

స్టాపర్ సికింద్రాబాద్:

మంచి పని చేశారు అన్నా. మార్చేటప్పుడు బిల్డింగు, టర్ఫు, కోచ్ ట్రాక్ సూట్ చూడకండి. ఏడాదికి పోటీ మ్యాచ్‌లు ఎన్ని ఆడిస్తారో అడగండి, ట్రైనింగ్ మ్యాచ్‌లు కాదు, రిఫరీ ఉండి రిజల్టు రాసుకునేవి. ఫెడరేషన్ అకాడమీలకి స్టార్ రేటింగ్ ఇస్తుంది, అందులో పేరుందో లేదో చూడండి, ఉన్నంత మాత్రాన బంగారం అనుకోవద్దు, లేకపోతే మాత్రం ఎందుకు లేదో అడగండి. వాళ్ల దగ్గర్నుంచి గత ఏడాది తెలంగాణ సబ్ జూనియర్ టీమ్‌కి ఎవరైనా వెళ్లారా అన్నది ఇంకా మంచి ప్రశ్న. జిల్లా సెలెక్షన్స్, తర్వాత స్టేట్ టీమ్, తర్వాత నేషనల్స్, మీవాడి దారి అదే. స్కూలు తరఫున సుబ్రతో కప్‌కి ఎంట్రీ వేస్తారేమో పీఈటీ సార్‌ని కలవండి, చాలా స్కూళ్లు బద్ధకంతో వెయ్యవు.

ట్రయల్స్‌కి పాస్‌పోర్ట్ పెద్దగా అడగరు కానీ ఇండియాకి ఆడాలంటే ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండాల్సిందే, కాబట్టి ఇప్పుడే చేయించి పెట్టుకోండి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూలు రికార్డు మూడింట్లోనూ పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. ఇంటి పేరు ఒకదాంట్లో ముందు, ఇంకొకదాంట్లో వెనక ఉండి ఆగిపోయినవాళ్లని చూశాను.

ఎక్స్‌పోజర్ అన్న మాటకి మోసపోవద్దని మాత్రం మీవాడికి చెప్పండి. నిజమైన ఎక్స్‌పోజర్ అంటే 2018 ఆగస్టులో స్పెయిన్‌లో కోటిఫ్ కప్‌లో మన అండర్-20 వాళ్లు చూపించింది, అర్జెంటీనాని 2-1తో కొట్టారు, ఆ అర్జెంటీనా బెంచీ మీద కోచ్‌గా కూర్చుంది స్కలోనీ, తర్వాత నాలుగేళ్లకి ఆయనే ప్రపంచ కప్ ఎత్తాడు. దానికి ఆ పిల్లల తండ్రులు రెండున్నర లక్షలు కట్టలేదు.

నైట్‌షిఫ్ట్ ఫ్యాన్:

దీపక్ తంగ్రీ, అన్వర్ అలీ గోల్స్. అన్వర్‌ది ఫ్రీకిక్, పై మూలకి. అది యూట్యూబ్‌లో ఉంది, మీవాడికి చూపించండి, మొహం మాడ్చుకోడు.

వింగర్ వాళ్ల అమ్మ:

ఇంకో మాట, లెఫ్ట్ బ్యాక్ అన్నారు కదా. మా అమ్మాయి కోచ్ ఎప్పుడూ అంటుంటారు, ఎడమ కాలి డిఫెండర్లు దొరకరు, దొరికితే వదలరు అని. స్టేట్ సెలెక్షన్స్‌కి వెళ్లినప్పుడు ఫారంలో పొజిషన్ దగ్గర అదే రాయించండి. పిల్లలు అందరూ స్ట్రైకర్ అనో పది నంబర్ అనో రాసేసి ఆ గుంపులో పోతుంటారు.

బొల్లారం నాన్న:

అయ్యో మేడం, ఇప్పుడే వచ్చి చెప్పాడు, ఇకనుంచి వింగ్‌లో ఆడతాడట, గోల్స్ కొట్టాలట. గున్‌లైబా ఎఫెక్ట్. స్టాపర్ అన్నా, ఈ విషయంలో మీరే ఫోన్‌లో వాడితో ఒకసారి మాట్లాడాలి, నా మాట వినడు. మెసేజ్‌లో నంబర్ పంపిస్తాను. జిల్లా సెలెక్షన్స్ డేట్లు తెలిస్తే కూడా చెప్పండి.

స్టాపర్ సికింద్రాబాద్:

పంపండి అన్నా, ఆదివారం పొద్దున జింఖానా దగ్గరే ఉంటాను, ఫోన్ ఎందుకు, వాణ్నే తీసుకురండి. స్టడ్స్ వేసుకుని రమ్మనండి, నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు. వింగా బ్యాకా అన్నది అక్కడ తేల్చుకుందాం.